ఇంజినుకు అయిదు చుక్కలు, కాగితానికి ఒకటి

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు ఉదయం వెళ్లే విమానానికి రేటింగ్ చుక్కలేసి ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడ. ఇక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజిన్ల కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మొదట మిగ్-21 వాడే ఆర్-25, తర్వాత సుఖోయ్-30 వాడే ఏఎల్-31ఎఫ్‌పీ. ఎక్కువ కాలం ఇంజిన్లను నడిపి పరీక్షించే టెస్ట్ బెడ్ దగ్గరే గడిచింది. అందుకని ఇంజిన్ స్టార్ట్ కాలేదంటే నాకు భయం వేయదు, చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ రోజు మా ఆవిడ కంటి పరీక్ష కోసం అర్ధరాత్రి బయలుదేరి, కారులో ఘాట్ దిగి వచ్చాం.

ఎయిర్‌బస్ 320. ఎనిమిదో వరుసలో కుడి కిటికీ నాది. ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెట్టింది, చల్లగాలి ఆగింది. అది మామూలే. తోకలో ఉండే చిన్న ఇంజిన్, ఏపీయూ, ఇచ్చే గాలి ఆ కాసేపు పెద్ద ఇంజిన్‌ను తిప్పి లేపే స్టార్టర్‌కే కావాలి. ఆ తర్వాత సన్నగా మొదలై పెరిగే కూత వినిపించాలి. వినిపించలేదు. అర నిమిషానికి చల్లగాలి తిరిగి వచ్చింది. మళ్లీ ఆగింది, మళ్లీ నిశ్శబ్దం.

కూత మొదలై మధ్యలో చచ్చిపోతే ఒక రోగం, అసలు మొదలవకపోతే వేరే రోగం. మొదటి రకంలో మంట అంటుకోదు, లేదా వేగం సగంలో వేలాడుతుంది, లేదా వేడి హద్దు దాటుతుంది. ఈ రకం విమానాల్లో చాలావాటికి ఉండే సీఎఫ్ఎం56-5బీ ఇంజినుకు స్టార్ట్‌లో ఆ హద్దు 725 డిగ్రీలు. రెండో రకంలో గాలి స్టార్టర్ దాకా చేరడం లేదు. ఆ గాలిని వదిలే స్టార్ట్ వాల్వ్ తెరుచుకోక అయి ఉంటుందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కళ్లు మూసుకునే, "మీ ఫ్యాక్టరీ కాదు ఇది" అంది.

కెప్టెన్ మూడోసారి పంతానికి పోలేదు. కుడి ఇంజిన్ స్టార్ట్ కాలేదని, విమానం నిలిపే బేకి తిరిగి వెళ్తున్నామని తానే మైకులో చెప్పాడు. ఈ సమీక్షలో అయిదు చుక్కల్లో సగం ఆ ఒక్క ప్రకటనకే. పక్క సీటులో రాయగడ కుర్రాడు, హైదరాబాద్‌లో ఉద్యోగ ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు. "మాస్టారూ, ఇది ఎగురుతుందంటారా?" అన్నాడు. ఎగిరే ముందే చెప్పింది కదా బాబూ, అదే మంచిది అన్నాను. వాడికి నచ్చలేదు.

దిగుతున్నప్పుడు కాక్‌పిట్ తలుపు తెరిచే ఉంది. కెప్టెన్ లాగ్ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు. ఏ ఇంజిన్, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఏ గుర్తు కనిపించింది, అన్నీ అందులో పడాలి. "స్టార్ట్ కాలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఇంజనీరు మొదటి నుంచి వెతుక్కోవాలి. మా టెస్ట్ బెడ్‌లో కొత్తగా వచ్చినవాళ్లు చేసే మొదటి తప్పు అదే.

మళ్లీ ఎక్కించాక ఇంజనీరు కాక్‌పిట్ నుంచి బయటికి వచ్చాడు. లాగ్ పేజీ నకలు ఒకటి ఆయన చేతిలో ఉంది. విమానం వెళ్లే ముందు ఒక ప్రతి నేల మీద ఉంచుతారు. వాల్వ్‌ను అలాగే ఉంచి, ఏ భాగాలు పనిచేయకపోయినా ఎగరవచ్చో చెప్పే మెల్ జాబితా ప్రకారం, గడువులోగా బాగు చేయాలని రాసి పంపుతున్నారని అర్థమైంది. కిటికీలోంచి చూస్తే హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఇంజిన్‌కి పక్కగా వచ్చి, కవచంలోని చిన్న రంధ్రంలో పనిముట్టు దూర్చి, కాక్‌పిట్ మాట విని తిప్పాడు. ఈసారి కూత వచ్చింది. సగం వేగం చేరేసరికి స్టార్టర్ పని అయిపోతుంది, అప్పుడు వాల్వ్ మూయాలి. మూశాడు. ముందునుంచి గానీ వెనకనుంచి గానీ ఆ ఇంజిన్ దగ్గరికి వెళ్లకుండా వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఆ నడక చూసి నాకు మా సెక్షన్ గుర్తొచ్చింది.

ఇక మళ్లీ ఎక్కేముందు కౌంటర్ దగ్గరి వైభోగం. ఆలస్యం రెండు గంటలు దాటితే ఫలహారం ఇవ్వాలన్న విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది కాబట్టి వేడినీళ్లు పోసుకునే ఉప్మా గ్లాసులు ఇచ్చారు. నీళ్లు గోరువెచ్చన. ఉప్మా ఇసుకలా అలాగే ఉంది.

ఆ కుర్రాడికి ఇంటర్వ్యూ వాళ్లకు చూపించడానికి ఆలస్యం పత్రం కావాలి. ఇచ్చారు. రెండు గంటల యాభై నిమిషాల ఆలస్యాన్ని రెండు గంటలన్నారు, కారణం "ఆపరేషనల్". లోపల లాగ్ పుస్తకంలో ప్రతి ప్రయత్నమూ ఎక్కించిన సంస్థే బయట అతిథులకు ఇలా రాసి ఇస్తుంది! సమయం తప్పని చెబితే, ఆ అమ్మాయి 2 మీద 3 దిద్దేసింది. అలా కాదమ్మా, అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి టైము వేయాలి అన్నాను. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు. అమ్మాయి నవ్వి, కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాసింది: 2 గంటల 50 నిమిషాలు, కుడి ఇంజిన్ స్టార్ట్ కాలేదు. కుర్రాడు దాన్ని మడవకుండా ఫైలులో పెట్టుకున్నాడు.