స్విఫ్ట్‌కు ప్రొజెక్టర్ లైట్లు, పొట్టి స్ప్రింగులు: ఆరేళ్ల తరువాత

మాది 2013 నాటి మారుతి స్విఫ్ట్ కారు, వీడీఐ రకం. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు విజయవాడలో, అమ్మానాన్నలు నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య ఉన్న పల్లెలో. నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి పని ముగించుకుని 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాను. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ. దారి పొడవునా చీకటే. 2019లో ఈ కారుకు రెండు పనులు చేయించాను. మార్చిలో ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు, అంటే వెలుగును గుండ్రటి కటకం గుండా పంపేవి; మే నెలలో కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు. లైట్లు ఇప్పటికీ ఉన్నాయి, 78 వేల కిలోమీటర్లు తిరిగాయి. స్ప్రింగులను 34 వేల కిలోమీటర్లు వాడి, 2022 ఫిబ్రవరిలో విప్పించేశాను.

ముందు లైట్ల సంగతి. అయిదారేళ్లు ఎండలో నిలిచిన కారుకు హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపెక్కడం, వెలుగును ముందుకు మళ్లించే లోపలి అద్దం మసకబారడం మామూలే. నా కారుకూ అదే జరిగింది. దానికి మందు కొత్త బల్బులే అనుకుని 2018 చివర్లో మూడున్నర వేలు పెట్టి ఎల్ఈడీ బల్బుల జత కొన్నాను. పాత హెచ్4 హాలోజన్ బల్బు తీసి అదే గూట్లో దీన్ని బిగిస్తే చాలన్నారు. బిగించిన రాత్రి ఇంటి ముందు గోడ తెల్లగా మెరిసిపోయింది. నాకు ఎంతో సంతోషమేసింది. హైవే ఎక్కాక మాత్రం ఎదురొచ్చే ప్రతి రెండో లారీ డిప్పర్ కొట్టడం మొదలుపెట్టింది. నేను డిమ్‌లోనే ఉన్నాను.

కారణం బల్బు చేతిలో పట్టుకుని చూస్తే తెలిసింది. హెచ్4 బల్బులో రెండు తీగలుంటాయి. డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. పైకి పోకూడని వెలుగును ఆపేది ఆ దొప్పే. హెడ్‌లైటు లోపలి అద్దం వంపులన్నీ ఆ తీగ ఉన్న చోటును బట్టి తీర్చినవి. వెలుగు పుట్టే చోటు రెండు మిల్లీమీటర్లు జరిగినా లెక్క తప్పుతుంది. నేను కొన్న ఎల్ఈడీలో చిప్పులు ఆ చోట లేవు. ఒక రాత్రి బావను నా కారులో కూర్చోబెట్టి డిమ్ వేయమని, నేను ఎదురుగా నిలబడ్డాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది ఇలా చెబుతుంది: లైటుకు ఎనిమిది మీటర్ల దూరంలో, కుడివైపు అర మీటరు పక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. టేపుతో కొలిచి ఆ చోటే నిలబడి, కళ్లు ఆ ఎత్తుకు వచ్చేలా కొంచెం వంగాను. రెండు క్షణాలు కూడా చూడలేకపోయాను. తల తిప్పుకున్నాక కాసేపటి వరకు గోడ మీద ఊదా రంగు మచ్చలు కదులుతూనే ఉన్నాయి. ఎదుటివాడు బండి నడుపుతూ దీన్ని భరించాలా అని మనసు చివుక్కుమంది. మర్నాడే ఆ బల్బులు తీసేశాను.

ఎక్కువ వాట్ల హాలోజన్ వేసుకోమని కూడా కొందరు చెప్పారు. హెచ్4కు ఉండాల్సింది 60/55 వాట్లు. వంద వాట్లది వేస్తే హోల్డరు, వైర్లు, లోపలి పూత ఆ వేడికి తట్టుకోలేవు. రిలేతో, అంటే బల్బుకు కరెంటును స్విచ్ మీద భారం పడకుండా పంపే పరికరంతో, వేరే వైరింగ్ వేసినా చట్టం ఒప్పుకోదు. ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను.

చివరికి వేయించినవి బై-జినాన్ ప్రొజెక్టర్లు, అంటే ఒకే జినాన్ బల్బుతో డిమ్, హై బీమ్ రెండూ ఇచ్చేవి, 35 వాట్ల డీ2ఎస్ రకం బల్బులతో. బిగింపుతో కలిపి 24 వేలు అయ్యింది. హాలోజన్ డిమ్ వెయ్యి లూమెన్ల (వెలుగు కొలత) దాకా ఇస్తే, డీ2ఎస్ 3,200 ఇస్తుంది. కానీ అంకె కన్నా ముఖ్యమైనది ప్రొజెక్టర్ లోపలి రేకు. వెలుగును గీత గీసినట్టు అడ్డంగా కోసేది అదే. హై బీమ్ వేసినప్పుడు ఆ రేకు కిందికి వాలుతుంది, డిమ్ వేస్తే లేస్తుంది. ఇంజిన్ ఆపి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీట తిప్పితే 'టక్'మని వినిపిస్తుంది. రంగు 4300 కెల్విన్‌దే కావాలని పట్టుబట్టాను; ఈ అంకె పెరిగే కొద్దీ వెలుగు నీలంగా మారుతుంది. దుకాణంలో 6000, 8000 చూపించారు, తెల్లగా, నీలంగా, చూడటానికి బాగున్నాయి. తడి తారు మీద మాత్రం నీలి వెలుగు పనికిరాదు. జినాన్‌లో ఎక్కువ వెలుగు ఇచ్చేది కూడా 4300 రకమే.

పని జాగ్రత్తగా చేయించుకోవాలి. హెడ్‌లైటును వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక ముందు అద్దం ఊడదీసి, లోపల ప్రొజెక్టర్ అమర్చి, మళ్లీ బ్యూటైల్ జిగురుతో మూస్తారు. నాకు ఎడమ లైటులో ఒక మూల జిగురు సరిగా పట్టలేదు. మొదటి వానకే లోపల ఆవిరి చేరింది. మళ్లీ విప్పించి మూయిస్తే ఆ తరువాత ఇన్నేళ్లూ ఒక్క చుక్క చేరలేదు. మీరు చేయించుకుంటే బండి తీసుకునే ముందు పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టించి చూడండి. దుకాణదారు విసుక్కున్నా సరే.

వానాకాలంలో వీటి విలువ తెలిసింది. కోదాడ దాటాక జోరువాన, పక్క గీత చెరిగిపోయిన రోడ్డు, మధ్యలో డివైడరు మొక్కలు. ఆ రాత్రి ఎడమ అంచు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఎదురు లారీల్లో ఒక్కటి కూడా డిప్పర్ కొట్టలేదు. ఈ కారు మీద పెట్టిన ఖర్చుల్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈ 24 వేలే.

ఇక స్ప్రింగులు. అందం కోసమే వేయించాను, దాచను. చక్రానికీ, పైనున్న మడ్‌గార్డు వంపుకూ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ నా కళ్లకు ఎప్పుడూ వెలితిగా ఉండేది. ముందు 40, వెనుక 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు నాలుగూ 22 వేలు, కూలి మూడున్నర వేలు. విజయవాడ ఆటోనగర్‌లో బిగించారు. షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచాను. అది తప్పు అని తరువాత తెలిసింది. టైర్లు అంతకుముందే 185/65 ఆర్15 సైజుకు (185 మిల్లీమీటర్ల వెడల్పు, 15 అంగుళాల చక్రం) మార్చాను. ఖరీదైన రకం స్విఫ్ట్‌కు వచ్చే సైజు అదే. నాకున్న 165/80 ఆర్14తో పోలిస్తే మొత్తం వ్యాసంలో తేడా రెండు మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటరు లెక్క చెడదు.

మొదటి నెల స్వర్గంలా ఉంది. మలుపులో కారు ఒరగడం బాగా తగ్గింది. లేన్ మారితే స్టీరింగ్ వెంటే బండి కదిలేది. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక, కృష్ణ ఒడ్డున తిరిగే ఆ పొడవైన వంపు మీద తెల్లవారుజామున ఒక్కడినే వెళ్తుంటే కారు పట్టాలెక్కినట్టు ఉండేది. ఆ అనుభూతి అబద్ధం కాదు. ఇవాళ కూడా ఆ వంపు మీదికి వెళ్లినప్పుడు గుర్తొస్తుంది.

లైట్లకూ స్ప్రింగులకూ ఉన్న ముడి నాకు సూర్యాపేట దగ్గర అర్థమైంది. స్ప్రింగులు వేసిన రెండో వారం. వెనుక దీపాలు లేకుండా, చుట్టూ రాళ్లు పేర్చి, రోడ్డు పక్కన నిలిపిన లారీ ఒకటి. నేను డిమ్‌లో ఎనభైలో ఉన్నాను. లారీ కనిపించేసరికి బ్రేకు మీద నిలబడాల్సి వచ్చింది. అంతకు ముందు నెల ఇదే లైట్లతో అంత దూరం చక్కగా కనిపించేది కదా అని ఆ రాత్రంతా మథనపడ్డాను.

మర్నాడు అపార్ట్‌మెంటు సెల్లారులో చదునైన చోట, గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి కొలిచాను. డిమ్ గీత, అంటే గోడ మీద డిమ్ వెలుగు పై అంచు, ప్రతి పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగాలి, అంటే ఒక శాతం. మార్చిలో అలాగే పెట్టించాను. నా హెడ్‌లైటు ఎత్తు 69 సెంటీమీటర్లు, కాబట్టి వెలుగు 69 మీటర్ల దూరంలో నేలను తాకేది. ఇప్పుడు ముందు భాగం 40 మిల్లీమీటర్లు దిగింది, వెనుక 30. పది మిల్లీమీటర్ల తేడా. ఈ కారుకు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,430 మిల్లీమీటర్లు. అంతలో పది మిల్లీమీటర్లు ముక్కు వాలితే వెలుగు ఇంకో 0.41 శాతం కిందికి వాలుతుంది. లైటు ఎత్తు 65 సెంటీమీటర్లకు తగ్గింది, వాలు 1.41 శాతమైంది. భాగిస్తే 46 మీటర్లు! ఇరవై మూడు మీటర్ల వెలుగు పోయింది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. లారీని చూడటానికి నాకు దాదాపు ఒక సెకను తగ్గిందన్నమాట. బిగించిన చోట ఎవరూ ఈ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. లైటు వెనుక ఉన్న మర తిప్పి గీతను మళ్లీ ఒక శాతానికి తెచ్చుకున్నాను. కారు ఎత్తు మార్చిన రోజే, రోడ్డెక్కకముందే గోడ ముందు నిలిపి ఈ గీత చూసుకోవాలి.

రోడ్ల సంగతి ఊహించినదే అయినా ఊహించినదానికన్నా కష్టంగా ఉంది. మా స్విఫ్ట్‌కు నేల నుంచి ఎత్తు 170 మిల్లీమీటర్లు. 40 పోతే ముందు మిగిలేది 130. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అంత వెడల్పు ఉంటే కారు మొత్తం దాని మీదికి మెల్లగా ఎక్కి దిగుతుంది, ఇబ్బంది లేదు. మా నూజివీడు పల్లె దారుల్లో ఉన్నవి అవి కావు. పొలం గట్టులా ఇరుకుగా, నిటారుగా, ఊరివాళ్లు వేసుకున్నవి. పిల్లలు ఆడుకునే వీధులు, వాళ్లను తప్పు పట్టలేను. అలాంటి గట్టు రెండు చక్రాల మధ్యకు వచ్చినప్పుడు కారు పొట్ట గీసుకుంటుంది. ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కేలా దాటించడం నేర్చుకున్నాను. నలుగురు కూర్చుంటే అదీ కుదిరేది కాదు. వెనుక ఉన్న నాన్న, నేను అడగకుండానే, ప్రతి గట్టు దగ్గరా దిగి నడిచి వచ్చేవారు. డెబ్భై ఏళ్ల మనిషి చెప్పులు టపటపలాడించుకుంటూ కారు పక్కన నడవడం నేను అద్దంలో చూశాను.

అమ్మకు నడుము నొప్పి. "కారు బాగానే ఉంది నాన్నా, నేను బస్సులో వస్తాలే" అంది ఒక సంక్రాంతికి. నాకు ఇంకేమీ వినాల్సిన అవసరం లేకపోయింది.

బండి చెప్పిన సంగతులు కూడా ఉన్నాయి. పొట్టి స్ప్రింగు మీద షాకు ఎప్పుడూ సగం ముడుచుకునే ఉంటుంది. గుంట వచ్చినప్పుడు ముడుచుకోవడానికి చోటు తక్కువ, చివర్లో దెబ్బ ఆపే రబ్బరు దిమ్మ (బంప్ స్టాపు) మీద 'ధన్'మని కూర్చుంటుంది. స్ప్రింగులు వేశాక 21 వేల కిలోమీటర్ల దగ్గర ముందు కుడి షాకు నూనె కార్చింది. టైర్లకు వచ్చిన నష్టం నాకు కనిపించలేదు. బయటి నుంచి చూస్తే గాడులు చక్కగా ఉన్నాయి. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన కారును పైకెత్తి, నా చేయి పట్టుకుని టైరు లోపలి అంచు మీద రాయించారు. ఒక వైపు రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే రంపపు పళ్లలా గుచ్చుకుంది. ఒక చోట రబ్బరు పోయి దారాలు వేలికి తగిలాయి. కారు ఎత్తు తగ్గితే చక్రాల కోణాలు మారతాయి. వాటిని సరిచేసే వీల్ అలైన్‌మెంట్ స్ప్రింగులు వేసిన రోజు చేయించాను కానీ, స్ప్రింగులు కుదురుకున్నాక, అంటే ఒక వెయ్యి కిలోమీటర్ల తరువాత, మళ్లీ చేయించలేదు. ఆ టైర్లతోనే పిల్లలను ఎక్కించుకుని వంద వేగంలో వచ్చానని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మొత్తం లెక్క వేస్తే స్ప్రింగులు, కూలి, రెండు షాకులు, రెండు టైర్లు, విప్పించిన ఖర్చు కలిపి 50 వేలు దాటింది. మళ్లీ చేస్తే షాకులు, స్ప్రింగులు కలిసి వచ్చే జత తీసుకుని పాతిక మిల్లీమీటర్లకు మించి దించను. పల్లెకు వెళ్లే పని ఉన్నంత కాలం అదీ చేయను. నగరం, హైవే తప్ప వేరే దారి తొక్కని వారికి నా అనుభవం అంత బరువుగా అనిపించకపోవచ్చు.

చట్టం గురించి కూడా చెప్పాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. లైట్లయినా స్ప్రింగులయినా చేతిలో కాగితం లేకుండా మొదలుపెట్టవద్దు. ముందు రవాణా కార్యాలయంలో అడగండి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. నేను లైట్ల గురించి బీమా వాళ్లకు రాశాను, స్ప్రింగుల గురించి రాయలేదు. ప్రమాదం జరిగి ఉంటే క్లెయిమ్ ఏమయ్యేదో అన్న బెంగ మూడేళ్లు వెంటాడింది.

పాత స్ప్రింగులు తిరిగి వేయించిన రోజు ఒక పని మర్చిపోలేదు. ముక్కు మళ్లీ పైకి లేస్తుంది, అంటే ఈసారి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. ఆటోనగర్ నుంచి పగటి వెలుగులోనే ఇంటికి వచ్చి, సెల్లారు గోడ మీద 2019లో గీసిన సుద్ద గీత పక్కనే కొత్త గీత గీసి దించుకున్నాను. ఒక శాతానికి బదులు 1.2 శాతం పెట్టాను, వెనుక మనుషులు, సామాను ఉంటే ముక్కు ఇంకొంచెం లేస్తుంది కదా. ఆ ఉగాదికి అమ్మానాన్నలను ఇద్దరినీ పల్లె నుంచి కారులోనే తీసుకొచ్చాను. గట్లన్నీ నాన్న కూర్చునే దాటారు.

ఈ మధ్య కుడి లైటు కొంచెం ఊదా రంగుకు తిరుగుతోంది. జినాన్ బల్బు వయసు మీరితే అలాగే అవుతుంది. ఒక్కటే మారిస్తే రెండింటి రంగు కలవదు కాబట్టి జత తెప్పించాను. వచ్చే ఆదివారం వేయించి, సాయంత్రం చీకటి పడ్డాక సెల్లారులో గోడ ముందు నిలుపుతాను.