పికప్ అందుకోని కారుకు సరైన మేస్త్రి దొరికారు

మా పాత పెట్రోలు కారు మూడు నెలలు నన్ను భయపెట్టింది. ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు కడప నుంచి రాయచోటికి వెళ్తాను. గువ్వలచెరువు ఘాటులో లారీని దాటుదామని ఆక్సిలరేటర్ తొక్కితే, కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, గట్టిగా కుదిపి, ఆ తర్వాత గానీ అందుకునేది కాదు. మలుపులో ఎదురుగా బస్సు వస్తుంటే గుండె ఆగినంత పనయ్యేది.

మొదట చూపించిన చోట నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చారు. తగ్గలేదు. ఇక పెట్రోలు పంపు మార్చాలన్నారు. ఆ ఖర్చుకు వెనకాడి, తోటి టీచరు చెప్పిన ఈ చిన్న షెడ్డుకు వెళ్లాను. రాయచోటి రోడ్డులోనే ఉంది.

మేస్త్రి ముందు బానెట్ తెరవలేదు. "మీరే నడపండమ్మా, నేను పక్కన కూర్చుంటాను" అని, ఇంజన్ లోపాలు చూపే స్కానర్ తగిలించారు. మూడో గేరులో గట్టిగా తొక్కమన్నారు. కుదుపు వచ్చిన ప్రతిసారీ తెర మీద మూడో సిలిండర్ మిస్‌ఫైర్ల (పెట్రోలు సరిగా మండకుండా పోవడం) లెక్క పెరుగుతోంది. పంపు నీరసపడితే నాలుగు సిలిండర్లూ ఇబ్బంది పడాలి గానీ ఒక్కటే ఎందుకు పడుతుందన్నారు.

షెడ్డుకు వచ్చాక మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను (నిప్పురవ్వ కోసం ప్లగ్గుకు కరెంటు పంపేది) ఒకటో దానికి, దానిది దీనికి మార్చి బిగించారు. మళ్లీ తిరిగాం. ఈసారి లెక్క ఒకటో సిలిండర్‌లో పెరిగింది! ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి దోషం కాయిల్‌దే.

దాని కింది రబ్బరు తొడుగును ఎండకు పట్టి చూపించారు. లోపల వెంట్రుకంత సన్నని బూడిదరంగు గీత. కరెంటు ప్లగ్గు మొన దాకా వెళ్లకుండా ఆ చీలిక గుండా ఇంజన్ లోహంలోకి పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. అందుకే చదును రోడ్డు మీద బాగానే ఉండి ఘాటులో మొరాయించేది.

కొత్త కాయిల్ 1,650, కూలి 300 రూపాయలు. ప్లగ్గు పింగాణీ మీద కూడా గీత పడిందేమో తీసి చూశాకే బండి ఇచ్చారు. మర్నాడు ఏసీ వేసుకుని మూడో గేరులోనే ఘాటు ఎక్కాను, ఒక్క కుదుపు లేదు.

అక్కడ కూర్చోవడానికి ఒక వేపచెట్టు నీడ తప్ప ఏమీ లేదు, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. పనిలో ఉంటే ఫోను ఎత్తరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మూసి ఉంటుంది. ఉదయం తొమ్మిదికి వెళ్తే మొదట మీ బండే చూస్తారు.