అడిగిందే అడుగుతుంటే ఏం చేయాలి: పిన్ చేయాలా, లాక్ చేయాలా, ఓపిగ్గా చెప్పాలా?

"అన్నా, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి, నీళ్లు క్లియర్‌గానే ఉన్నాయి, ఏం చేయాలి?" అక్వేరియం గ్రూపుల్లో ఉన్నవాళ్లెవరికైనా ఈ మెసేజ్ కొత్త కాదు. మొక్కల గ్రూపులో అయితే ఆకులు పసుపు పచ్చగా మారడం, ఫొటోగ్రఫీ గ్రూపులో అయితే మొదటి కెమెరా ఏది కొనాలన్నది. కింద వెంటనే ఇద్దరు పాతవాళ్లు "పైన సెర్చ్ చేసుకో" అంటారు, అడిగినతను చిన్నబుచ్చుకుని వెళ్లిపోతాడు, అడ్మిన్‌కి ఎవరి పక్షం తీసుకోవాలో తోచదు.

ఎక్కువమంది అడ్మిన్‌లు ముందుగా చేసే పని జవాబు రాసి పిన్ చేయడం. ఇది పాత పద్ధతే, వెబ్ రాకముందు నుంచీ ఉన్న చర్చా గ్రూపుల వ్యవస్థ యూజ్‌నెట్ రోజుల్లోనే చాలా గ్రూపుల్లో ఎఫ్‌ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నలు, జవాబుల జాబితా) తయారుచేసి ఎప్పటికప్పుడు మళ్లీ పోస్ట్ చేసేవాళ్లు. అప్పట్లో ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్తవాళ్లు వచ్చి అవే ప్రశ్నలు అడిగేవాళ్లు, కొన్ని వారాల్లో సర్దుకునేవాళ్లు. 1993 నుంచి మాత్రం కొత్తవాళ్ల రాక ఆగలేదు, అందుకే ఆ సెప్టెంబరు ఇంకా ముగియలేదని అంటుంటారు. ఇప్పటి మన గ్రూపులన్నీ అంతే, రోజూ ఎవరో ఒకరు కొత్తగా వస్తూనే ఉంటారు, పిన్ చదవకుండానే అడుగుతారు. తప్పు చదవనివాళ్లదే అనేస్తే సరిపోదు. పిన్‌కి "నైట్రోజన్ సైకిల్ వివరాలు" అని పేరు పెడతాం, కొత్తగా చేపలు పెంచుతున్నవాడికి ఆ మాటే తెలియదు. "కొత్త ట్యాంకులో చేపలు ఎందుకు చనిపోతున్నాయి" అని పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. వాట్సాప్‌లో అయితే ఇంకో చిక్కు ఉంది, పిన్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత గుర్తుపెట్టుకుని మళ్లీ చేయాలి.

రెండోది, ప్రశ్న కింద ఇంకెవరూ జవాబు రాయకుండా లాక్ చేసి పాత జవాబు లింక్ ఇచ్చేయడం. 2008లో మొదలైన, ప్రోగ్రామర్ల ప్రశ్నలూ జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో నడిచిందే ఈ పద్ధతి మీద. ప్రోగ్రామింగ్‌కి ఇది చక్కగా పనికొచ్చింది, ఎందుకంటే ఒక ఎర్రర్‌కి సరైన జవాబు ఒకచోట ఉంటే ప్రపంచంలో ఎవరికైనా చాలావరకు అదే సరిపోతుంది. అయినా కొత్తవాళ్లకి తమ సైట్ ఆదరణగా అనిపించట్లేదని 2018లో ఆ కంపెనీయే తన బ్లాగులో ఒప్పుకుంది.

హాబీ గ్రూపుల్లో ఈ పద్ధతికి నేను గట్టిగా వ్యతిరేకం. పైన చెప్పిన చేపల ప్రశ్ననే తీసుకోండి. ఒకతని ట్యాంకు పెట్టి వారమే అయింది, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా ఇంకా పెరగలేదు, దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియాకి రంగు ఉండదు కాబట్టి నీళ్లు క్లియర్‌గానే కనిపిస్తాయి. ఇంకొకతనిది రెండేళ్ల ట్యాంకు, నిన్న ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాడు, కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి ఉన్న బ్యాక్టీరియా కాస్తా పోయింది. మూడో అతని దగ్గర రాత్రి ఎయిర్ పంప్ ఆగిపోయింది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, అంతే. ముగ్గురూ అడిగింది అక్షరం పొల్లుపోకుండా అదే ప్రశ్న, కానీ ముగ్గురికీ కారణాలు వేరు. మొదటివాడికి ఇచ్చిన జవాబు లింక్‌ని మూడోవాడికిచ్చి లాక్ చేస్తే అతను వారాల లెక్క చదువుకుంటూ కూర్చుంటాడు, ఈలోపు చేపలు పోతాయి.

వారానికో "కొత్తవాళ్ల ప్రశ్నలు" పోస్ట్ పెట్టి, అన్నీ అక్కడే అడగమనడం కొనుగోలు ప్రశ్నలకి బాగుంటుంది. ఏ కెమెరా, ఏ ఫిల్టర్, ఏ కుండీ లాంటివాటికి తొందరేం లేదు. ప్రాణం మీదికొచ్చిన ప్రశ్నని మాత్రం అందులోకి తోయకూడదు.

ఇక మిగిలింది, ఏమీ చేయకుండా ఓపికున్నవాళ్లు జవాబు చెప్తారులే అని వదిలేయడం. వినడానికి మంచిగా ఉంటుంది. నిజానికి ఏ గ్రూపులోనైనా జవాబు చెప్పేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే, వాళ్లు రోజూ అదే టైప్ చేసి చేసి అలిసిపోయి ఒకరోజు మాట్లాడటం మానేస్తారు. గొడవపడి వెళ్లరు కాబట్టి ఎవరూ గమనించరు కూడా. ప్రశ్నలు ఎక్కువై గ్రూపులు పాడవ్వవు, చెప్పేవాళ్లు లేకే పాడవుతాయి.

అందుకే నా ఓటు లింక్‌తో పాటు రెండు లైన్లు రాసే పద్ధతికి. ప్రశ్నని తీసేయొద్దు, లాక్ చేయొద్దు. "ముందు మూడోవంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసేసిన నీళ్లే పోయండి, ఈరోజు మేత వేయకండి. ట్యాంకు పెట్టి ఎన్నాళ్లైంది, ఫిల్టర్ ఎప్పుడు కడిగారు, పంప్ నడుస్తోందా? వివరంగా ఇక్కడుంది" అని లింక్. ఇది ఒక్కసారి రాసి దాచుకుంటే ఎవరైనా పేస్ట్ చేయొచ్చు, పాతవాళ్లకి శ్రమ లేదు, అడిగినవాడికి చేయాల్సిన పని చేతిలో ఉంటుంది. గ్రూపులో బాట్ (తనంతట తానే రిప్లై ఇచ్చే ప్రోగ్రామ్) ఉంటే ఆ మూడు ప్రశ్నలూ దానితోనే అడిగించండి, డిలీట్ చేసే అధికారం మాత్రం దానికి ఇవ్వొద్దు.

కఠినంగా ఉండాల్సింది ఇంకోచోట. లింక్ ఇవ్వకుండా "సెర్చ్ చేసుకో" అనే రిప్లైలు కనిపిస్తే తీసేయండి, అన్నవాళ్లు ఎంత పాతవాళ్లైనా సరే. వాదన ముదిరితే టెలిగ్రామ్‌లో స్లో మోడ్ ఉంది, ఒక్కొక్కరు పెట్టే మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య గంట దాకా గ్యాప్ పెట్టొచ్చు, మనుషుల్ని తీసేయడానికి ముందు అది వాడి చూడండి.