వార్తల పాడ్‌కాస్టులకు యాంటెన్నాపాడ్: హైదరాబాద్‌లో రోజూ వినేవాళ్ల కోసం

రాజకీయం, టెక్నాలజీ మీద మంచి చర్చలు వినాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాంటెన్నాపాడ్ అనే పాడ్‌కాస్ట్ యాప్ ఒక్కటి ఉంటే చాలు, సినిమా చర్చలకు మాత్రం అంతగా సరిపోదు. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, యాప్ తన సొంత ప్రకటనలేవీ చూపించదు. 2012 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే దీన్ని నడుపుతున్నారు, కోడ్ ఎవరైనా చూడొచ్చు. ప్లే స్టోర్‌లోనూ, ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోర్‌లోనూ దొరుకుతుంది. ఐఫోన్‌కు మాత్రం లేదు.

అయితే ఇన్‌స్టాల్ చేసి సెట్టింగ్స్ ముట్టుకోకుండా వదిలేస్తే వారం తిరిగేసరికి వినని ఎపిసోడ్లు పేరుకుపోతాయి. కథలు, ఇంటర్వ్యూలు అయితే ఆరు నెలల తర్వాత విన్నా నష్టం లేదు. వార్తల సంగతి అలా కాదు. సుప్రీంకోర్టు విచారణ మీద సోమవారం చేసిన చర్చకు గురువారం తీర్పు వచ్చాక విలువ సగం పోతుంది. అందుకే ఈ రకం పాడ్‌కాస్టులకు ఏ యాప్ బాగుందో తేల్చాలంటే, తాజా ఎపిసోడ్‌ను ముందుకు తెచ్చి పాతదాన్ని పక్కకు తప్పించడం ఎంత సులువుగా జరుగుతోందో చూడాలి. ఈ పనిలో యాంటెన్నాపాడ్ ఇచ్చినన్ని మీటలు స్పాటిఫై ఇవ్వదు, యూట్యూబ్ మ్యూజిక్ ఇవ్వదు.

హైదరాబాద్‌లో దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. మన ప్రైవేట్ ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు ప్రసారం చేయడం వరకే. ఆఫీసు దారిలో విశ్లేషణ వినాలనుకుంటే పాడ్‌కాస్టే గతి.

ముందుగా షోలు చేర్చుకోవడం. ‘యాడ్ పాడ్‌కాస్ట్’లో పేరు కొట్టి వెతకొచ్చు. ఆపిల్ పాడ్‌కాస్ట్స్, పాడ్‌కాస్ట్ ఇండెక్స్ జాబితాలు రెండింటిలోనూ వెతికే వీలుంది. ఒకదానిలో దొరక్కపోతే రెండోదానిలో చూడండి. షో వాళ్ల ఆర్‌ఎస్‌ఎస్ చిరునామా (కొత్త ఎపిసోడ్లు వచ్చే ఫీడ్ లింకు) తెలిస్తే నేరుగా అతికించడమే మేలు. ఒకే పేరుతో నకిలీ ఫీడ్లు, ఎప్పుడో ఆగిపోయిన ఫీడ్లు వెతుకులాటలో కనిపిస్తుంటాయి. చేర్చుకునే ముందు చివరి ఎపిసోడ్ తేదీ చూసుకోండి.

తర్వాత ప్రతి షోకు విడివిడిగా సెట్టింగ్స్ పెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే. రోజూ వచ్చే షోలకు కొత్త ఎపిసోడ్ ‘ఇన్‌బాక్స్’లోకి వచ్చేలా, ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉండేలా పెట్టండి. పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిచి, వినదలిచినదాన్ని ఒకవైపు స్వైప్ చేసి క్యూలోకి (వినాల్సినవాటి వరసలోకి) పంపండి, అక్కర్లేనిదాన్ని రెండోవైపు స్వైప్ చేసి తీసేయండి. ఏ వైపు స్వైప్ చేస్తే ఏం జరగాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అరనిమిషం పని. కొత్తవన్నీ నేరుగా క్యూలో పడేలా పెట్టుకుంటే మాత్రం మూడోరోజుకే క్యూ అదుపు తప్పుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆటో డౌన్‌లోడ్‌కు ‘ఎపిసోడ్ లిమిట్’ అని ఒక పరిమితి ఉంటుంది. దానికి తోడు పాతవాటిని ఎప్పుడు తుడిచెయ్యాలో చెప్పే క్లీనప్ సెట్టింగ్ ఉంటుంది. క్లీనప్‌ను ‘విన్న తర్వాత’ అని పెడితే, వినని ఎపిసోడ్లు అలాగే ఉండి పరిమితిని నింపేస్తాయి. దాంతో కొత్తవి దిగడం ఆగిపోతుంది. ‘యాప్ పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. వార్తలు వినేవాళ్లు క్లీనప్‌ను ‘క్యూలో లేనప్పుడు’ అని పెట్టుకోవాలి, లిమిట్ 10 చాలు. అప్పుడు మీరు క్యూలోకి ఎంచుకోనివి కొత్తవాటికి చోటిచ్చి వాటంతటవే పోతాయి. క్యూలో ఉన్నవాటిని మాత్రం యాప్ ముట్టుకోదు, వాటిని మీరే తియ్యాలి.

రెండో చిక్కు ఫోన్ కంపెనీలది. షావోమి, రియల్‌మీ, వివో లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. యాప్ తెరిస్తే తప్ప కొత్త ఎపిసోడ్ కనిపించదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, యాంటెన్నాపాడ్ బ్యాటరీ వాడకాన్ని ‘నో రిస్ట్రిక్షన్స్’కు మార్చండి. ఆటోస్టార్ట్ అనే మీట ఉంటే అదీ ఆన్ చేయండి. ఆ తర్వాత యాప్‌లో రిఫ్రెష్ వ్యవధిని 4 గంటలకు తగ్గించండి. ఇంకా తగ్గిస్తే బ్యాటరీ ఖర్చే తప్ప ఒరిగేదేం లేదు.

డౌన్‌లోడ్ చేసి వినమని చెప్పడం డేటా మిగుల్చుకోవడానికి కాదు. 128 కేబీపీఎస్ నాణ్యత ఉన్న ఎపిసోడ్ నిమిషానికి ఒక ఎంబీ కూడా తినదు. అరగంటకు 29 ఎంబీ అనుకోండి, రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో అది లెక్కలోకే రాదు. అసలు కారణం ప్రకటనలు. పెద్ద సంస్థల షోలలో ప్రకటనలను సర్వర్ అప్పటికప్పుడు అతుకుతుంది. స్ట్రీమ్ చేస్తూ మధ్యలో ఆపి సాయంత్రం మళ్లీ మొదలుపెడితే ఈసారి వేరే నిడివి ప్రకటనలు రావచ్చు. అప్పుడు మీరు ఆపిన చోటు అటో ఇటో జరుగుతుంది. విన్నదే మళ్లీ వినాల్సి వస్తుంది, లేదంటే ఒక ముక్క ఎగిరిపోతుంది. చాప్టర్ల టైములు తప్పడానికీ ఇదే కారణం. డౌన్‌లోడ్ అయిన ఫైల్ మారదు కాబట్టి ఆపిన చోటు కదలదు.

ఇక వేగం. తెలుగు మాటకు 1.25 రెట్లు సుఖంగా ఉంటుంది. ఇంగ్లిష్ ఇంటర్వ్యూలకు 1.5 దాకా పోవచ్చు. వేగాన్ని షోకొకటి చొప్పున పెట్టుకునే వీలుంది. మాటల మధ్య ఖాళీలను దాటేసే ‘స్కిప్ సైలెన్స్’ను ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే షోలకే వాడండి. సౌండ్ డిజైన్ ఉన్న షోలలో సంగీతం తగ్గి మాట మొదలయ్యే చోట్లు తెగిపోయి చిరాకు పుట్టిస్తాయి. ప్రతిసారీ ఒకే పరిచయ సంగీతంతో మొదలయ్యే షోకు, మొదటి ఇన్ని సెకన్లు వదిలెయ్యమని చెప్పే సెట్టింగ్ ఉంది. గొంతు మరీ చిన్నగా వచ్చే షోకు విడిగా వాల్యూమ్ పెంచుకోవచ్చు.

క్యూ పైన మిగిలిన మొత్తం సమయం కనిపిస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలా పనికొస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 29 కిలోమీటర్లు, దాదాపు 50 నిమిషాలు. 1.25 రెట్ల వేగంతో అంటే గంటకు పైగా ఆడియో. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల ‘త్రీ థింగ్స్’ ఒకటి, ది హిందూ వాళ్ల ‘ఇన్ ఫోకస్’ ఒకటి పెడితే సరిగ్గా సరిపోతుంది. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు ఎక్కేవాళ్లు చిన్నదాన్ని ముందు పెట్టుకుంటే మారే చోట తెగదు. బండి నడిపేవాళ్లు మాత్రం హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ వినపడకపోతే ప్రాణానికే ముప్పు.

షోల విషయానికొస్తే, ‘త్రీ థింగ్స్’ ఆ రోజు పేపర్‌లోని మూడు కథనాలను రిపోర్టర్లతోనే చెప్పిస్తుంది. రెండు రోజులు దాటితే తీసేయండి. ‘ఇన్ ఫోకస్’ ఒక్క అంశాన్ని పట్టుకుని నిపుణులతో మాట్లాడిస్తుంది కాబట్టి వారం దాకా నిలుస్తుంది. అమెరికాలోని కార్నెగీ పరిశోధన సంస్థలో పనిచేసే మిలన్ వైష్ణవ్ నడిపే ‘గ్రాండ్ తమాషా’ 2019లో మొదలైంది. పార్టీల నిధులు, కులం, ఎన్నికల మీద పరిశోధకులను కూర్చోబెట్టి నిదానంగా ప్రశ్నిస్తాడు. నెల తర్వాత విన్నా పాతబడదు. సీజన్ల మధ్య విరామం ఉంటుంది కనుక కొన్ని వారాలు కొత్తవి రాకపోతే ఫీడ్ చచ్చిపోయిందనుకోవద్దు. అమిత్ వర్మ ‘ది సీన్ అండ్ ది అన్‌సీన్’ లోతైన సంభాషణే గానీ ఎపిసోడ్లు గంటల తరబడి సాగుతాయి. 5 గంటలదైతే ఆ 128 కేబీపీఎస్ లెక్కన 288 ఎంబీ. దీనికి ఆటో డౌన్‌లోడ్ పెట్టొద్దు. యాప్‌లోని ఫిల్టర్ తక్కువ నిడివి ఉన్నవాటిని తప్పించగలదు కానీ ఎక్కువ నిడివి ఉన్నవాటిని ఆపలేదు.

టెక్నాలజీకి న్యూయార్క్ టైమ్స్ వాళ్ల ‘హార్డ్ ఫోర్క్’. కెవిన్ రూస్, కేసీ న్యూటన్ 2022 నుంచి ప్రతి శుక్రవారం చేస్తున్నారు. ఏఐ కంపెనీల లోపలి వ్యవహారాలు వీళ్లకు బాగా తెలుసు. లోపమల్లా ప్రపంచమంతా శాన్ ఫ్రాన్సిస్కో కిటికీలోంచే కనిపించడం. ఆ సంస్థదే రోజూ వచ్చే ‘ది డైలీ’ని అమెరికా రాజకీయం కోసం ఉంచుకోవచ్చు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మాదాపూర్‌లో ఎంత కలవరం రేగిందో తెలిసినవాళ్లకు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఉదయం ఆరింటికి వచ్చే ఎపిసోడ్ మనకు వేసవిలో మధ్యాహ్నం మూడున్నరకు, చలికాలంలో నాలుగున్నరకు అందుతుంది. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు వైఫై ఉండగానే తెరను కిందికి లాగి రిఫ్రెష్ చేసుకోండి. 2024 నుంచి ఈ షోల పాత ఎపిసోడ్లు చందాదారులకే. వచ్చినవి వచ్చినట్టు దించుకోవడానికి ఇదీ ఒక కారణమే.

సినిమా, పాపులర్ కల్చర్ దగ్గరికి వచ్చేసరికి ఈ యాప్ చేతులెత్తేస్తుంది. అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ వాళ్ల ‘పాప్ కల్చర్ హ్యాపీ అవర్’ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది కానీ అందులో టాలీవుడ్ ఎప్పుడో గానీ వినిపించదు. తెలుగు సినిమా చర్చలు, తెలుగు రాజకీయ చర్చలు చాలామటుకు యూట్యూబ్ వీడియోలుగానే వస్తున్నాయి. వాటికి ఆడియో ఫీడ్ లేకపోతే యాంటెన్నాపాడ్‌కు అందవు. స్పాటిఫైకే పరిమితమైన షోలూ అంతే. తెలుగులో ‘హర్షణీయం’ లాంటి సాహిత్య పాడ్‌కాస్టు ఫీడ్‌తో సహా పద్ధతిగా నడుస్తోంది. అదే పద్ధతిలో తెలంగాణ అసెంబ్లీ మీదో జీహెచ్‌ఎంసీ మీదో వారానికొక అరగంట చేసే పత్రిక ఉంటే ఈ యాప్ విలువ రెట్టింపయ్యేది. ఈలోపు ఒక ఉపాయం: యాప్ సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో ‘తెలంగాణ’, ‘హైదరాబాద్’ అని కొడితే మీరు చేర్చుకున్న షోలన్నిటిలో ఆ మాటలున్న ఎపిసోడ్లు ఒకచోట కనిపిస్తాయి. జాతీయ షోలు మన సంగతి ఎంత అరుదుగా ఎత్తుతాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

డబ్బు కట్టి వినే షోల్లో కొన్ని చందాదారుకు ప్రత్యేక ఫీడ్ చిరునామా ఇస్తాయి. దాన్ని ఇందులో అతికిస్తే పనిచేస్తుంది. అది మీ ఖాతాతో ముడిపడి ఉంటుంది కనుక వాట్సాప్ గ్రూపుల్లో పంచొద్దు. చందా ఆపిల్‌లోనో స్పాటిఫైలోనో మాత్రమే కట్టించుకునే షోలు ఇక్కడికి రావు.

ఖాతా లేకపోవడం వల్ల లాభమెంతో నష్టమూ అంతే. యాప్ తీసేస్తే అన్నీ పోవచ్చు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు తమ షోల జాబితాను ఓపీఎంఎల్ అనే ఫైల్‌గా దించుకున్నవాళ్లు గడువు దాటినా వేరే యాప్‌లో ఇబ్బంది లేకుండా కొనసాగించగలిగారు. యాంటెన్నాపాడ్‌లో ‘ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్’ కింద రెండు రకాలున్నాయి. ఓపీఎంఎల్‌లో షోల జాబితా మాత్రమే ఉంటుంది. డేటాబేస్ ఎక్స్‌పోర్ట్‌లో క్యూ, విన్న చరిత్ర, ఆపిన చోటు కూడా వస్తాయి. డౌన్‌లోడ్ చేసిన ఆడియో రెండింటిలోనూ రాదు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో పాత ఫోన్ మార్చేసే ముందు ఈ రెండో ఫైల్ తీసి డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త ఫోన్‌లో యాప్ వేశాక, షోలు చేర్చడం మొదలుపెట్టకముందే దాన్ని ఇంపోర్ట్ చేయండి. తర్వాత చేస్తే కొత్తగా చేర్చినవాటి మీద పాత డేటాబేస్ వచ్చి కూర్చుంటుంది.