పాత ఫియట్ కోసం కొన్న మినీ లేత్: ఏడాది వాడాక

ముందే చెప్పేస్తున్నా, డబ్బు మిగులుతుందని మాత్రం ఈ మినీ లేత్‌ని, అంటే లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే చిన్న మెషిన్‌ని, కొనకండి. మెషిన్‌కి, టూల్స్‌కి, కొలతలు చూసే మైక్రోమీటర్‌కి, డయల్ గేజ్‌కి నేను పెట్టిన డబ్బుతో ఆటోనగర్‌లో గంపెడు బుష్‌లు (షాఫ్ట్ తిరగడానికి వేసే లోహపు గొట్టాలు) చేయించుకోవచ్చు. నా గొడవ వేరే. మా నాన్నగారి 1968 ఫియట్ 1100 డిలైట్‌కి ఒక్క బుష్ కావాలని తెనాలి నుంచి బెజవాడ ఆటోనగర్ దాకా పోతే, లేత్ మేస్త్రీ "అట్టా పెట్టేసి వెళ్లండి సార్, లారీ పని అయ్యాక చూస్తా" అంటాడు. లారీ పని ఎప్పటికవుతుంది? రెండోసారి వెళ్తే మనమిచ్చిన శాంపిల్ ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీదు. ఆయన్ని అనడానికీ లేదు, వంద రూపాయల పని కోసం బిగించిన లారీ షాఫ్ట్ ఎవరు విప్పుతారు? మూడు ట్రిప్పులయ్యాక ఇంటి వెనక షెడ్డులో సొంత లేత్ పెట్టేశాను.

కొన్నది చైనా తయారీ 7×14. అంటే బెడ్ మీద 7 అంగుళాల వ్యాసం దాకా ఉన్న ముక్క తిరుగుతుంది, రెండు చివర్లా పట్టే సెంటర్ల మధ్య 14 అంగుళాల పొడవు. బరువు సుమారు 40 కిలోలు, ఇద్దరు మోయాలి. ఇంచుమించు ఇదే మెషిన్‌ని రంగు మార్చి రకరకాల పేర్లతో అమ్ముతుంటారు కాబట్టి బ్రాండ్ గురించి కొట్టుకోవడం దండగ.

పెట్టె విప్పగానే స్విచ్ వేయకండి. జిగట గ్రీజు మొత్తం కిరోసిన్‌తో కడిగి, విప్పి, మళ్లీ బిగించుకోవాలి, నాకు రెండు ఆదివారాలు పట్టింది. టెయిల్ స్టాక్ (కడ్డీ రెండో చివర ఆనించే భాగం) కిందకి ఉంటే కూల్‌డ్రింక్ టిన్ను రేకు కత్తిరించి ఎత్తు కోసం షిమ్‌గా వేశాను, సరిగ్గా సరిపోయింది. టూల్‌ని అడ్డంగా నడిపే క్రాస్ స్లైడ్ డయల్ మీద గీతకి 0.025 మిల్లీమీటర్, కానీ టూల్ అంత లోపలికి వెళ్తే వ్యాసం దానికి రెట్టింపు తగ్గుతుంది. ఈ సంగతి తెలిసి కూడా మర్చిపోయాను. బుష్‌ల కోసం కిలోల లెక్కన కొన్న గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం), మొదటి ముక్క అక్కడే పోయింది.

ఇక అసలు పని. కారు ఐడిల్‌లో మిస్సింగ్. కార్బురేటర్ ఎన్నిసార్లు విప్పినా అదే తంతు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్ల గ్యాప్ ఒక క్యామ్ మిట్ట మీద సరిగ్గా పెడితే ఇంకో మిట్ట మీద తేడా వచ్చేది. చివరికి ఆ డిస్ట్రిబ్యూటర్ పైనుండే రోటర్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఊగుతోంది, బుష్ అరిగిపోయింది. ఈ బుష్ బయటి వ్యాసం, లోపలి రంధ్రం ఒకే కేంద్రం మీద ఉండాలి. అందుకని కడ్డీని చక్‌లో (కడ్డీని పట్టుకుని తిప్పే దవడల్లో) ఒక్కసారే బిగించి, బయట టర్నింగ్, లోపల డ్రిల్లింగ్, బోరింగ్ అన్నీ అయ్యేదాకా విప్పలేదు. మూడు దవడల చక్‌లోంచి తీసి మళ్లీ పెడితే కొంచెమైనా తేడా వచ్చేస్తుంది. హౌసింగ్‌లోకి టైట్‌గా నొక్కాక రంధ్రం కాస్త బిగుసుకుంటుంది, అందుకే బోర్ కొంచెం తక్కువలో ఆపి, బుష్ కూర్చున్నాక రీమర్‌తో కొలతకి తెచ్చాను. నూనె రాసి షాఫ్ట్ దింపితే దాని బరువుకి అదే మెల్లగా జారింది. ఊపి చూశాను, కదల్లేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేయొచ్చుగా అంటారు కొందరు. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంది, కారు అసలు రూపంలో ఉండాలంటున్నారు, కాబట్టి పాయింట్లే.

మైనస్‌లు చాలానే ఉన్నాయి. స్టీల్ మీద లోతుగా కోత పెడితే మెషిన్ వణుకుతుంది. పార్టింగ్ టూల్‌తో ముక్క తెంపుదామంటే టూల్ దిగబడిపోతుంది, నేను హ్యాక్సా బ్లేడే వాడుతున్నా. లోపలి గేర్లు ప్లాస్టిక్. ఓసారి టూల్‌ని మోసే క్యారేజ్ వెళ్లి చక్‌కి తగిలి రెండు పళ్లు ఊడాయి, ఒక రకంగా మంచిదే, అవి ఊడకపోతే ఇంకేదో విరిగేది. కాకపోతే కొత్త గేర్ పంపడానికి అమ్మినవాళ్లు నెల తిప్పారు. స్టెబిలైజర్ లేకుండా పెట్టొద్దు, మా ఊరి వోల్టేజీకి స్పీడ్ కంట్రోల్ బోర్డు పోతుందని టెన్షన్. సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, బ్రేక్ డ్రమ్ముల పనికి మళ్లీ ఆటోనగరే గతి.

అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఆ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం, అంగుళాల థ్రెడ్లు ఎక్కువ. ఫియట్‌వి మెట్రిక్, థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ని నడిపే నా లేత్ లీడ్ స్క్రూ కూడా మెట్రిక్, నాకు హాయి. మీరు ఏ లీడ్ స్క్రూ ఉన్న లేత్ కొంటున్నారో చూసుకుని కొనండి.

లుంగీతో, మెడలో తువ్వాలుతో దీని దగ్గరికి పోకండి, గ్లౌజులు అసలే వద్దు. గన్‌మెటల్ రజను అయస్కాంతానికి అంటుకోదు, ఊడ్చినా సందుల్లో ఉండిపోతుంది. మా పాప కాల్లో ఒకటి గుచ్చుకున్నాక షెడ్డుకి వేరే చెప్పులు పెట్టమని ఇంట్లో ఆర్డరు, అవి గడప దాటి లోపలికి రావు.