మోమా టికెట్ కొంటున్నారా? కార్డు నంబరు కొట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

న్యూయార్క్ మాన్‌హాటన్‌లో 53వ వీధిలో ఉన్న మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ని అందరూ మోమా అనే పిలుస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు న్యూజెర్సీ నుంచి మనవాళ్లు కుటుంబాలతో సహా వెళ్లే చోటు ఇది. మ్యూజియంతో ఇబ్బందేమీ లేదు, తప్పకుండా చూడాల్సిందే. డబ్బు పోతున్నది టికెట్ దగ్గర, అదీ మ్యూజియానికి సంబంధం లేని వాళ్ల చేతుల్లో.

ముందు అసలు ధరలు చూడండి. ఇవి తెలిస్తే సగం మోసం అక్కడే దొరికిపోతుంది. పెద్దవాళ్లకి 30 డాలర్లు. 65 ఏళ్లు నిండినవాళ్లకి 22. వైకల్యం ఉన్నవాళ్లకీ 22, వాళ్లకి తోడుగా వచ్చే మనిషికి ఉచితం. ఫుల్‌టైమ్ విద్యార్థులకి కాలేజీ ఐడీ చూపిస్తే 17. పదహారేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి ఉచితం. 2023 అక్టోబరు దాకా పెద్దల టికెట్ 25 ఉండేది, పాత వ్యాసాల్లో ఇంకా అదే కనిపిస్తుంది. ఆరుగురున్న ఇంటి లెక్క వేద్దాం. భార్యాభర్తలు, పది, పదమూడేళ్ల పిల్లలు, 65 దాటిన తల్లిదండ్రులు. అరవై, నలభై నాలుగు కలిపితే 104 డాలర్లు. అదే ఆరుగురికీ తలకి 30 చొప్పున అడిగే సైటులో 180 అవుతుంది, పైన సర్వీసు ఫీజు వేరే. ఉచితంగా వెళ్లాల్సిన పిల్లల పేరుతోనే 60 డాలర్లు పోయాయన్నమాట. పిల్లలకి డబ్బు అడిగే పేజీ కనిపించిందంటే అది మోమా పేజీ కాదు, వెంటనే మూసేయండి.

ఆ పేజీలోకి ఎలా వెళ్తామంటే, గూగుల్‌లో ‘మోమా టికెట్స్’ అని కొడతాం, మొదటి రెండు మూడు ఫలితాలు చాలాసార్లు ప్రకటనలే ఉంటాయి. పైన చిన్న అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది, ఫోన్లో అది కంటికి ఆనదు. నొక్కితే డచ్ చిత్రకారుడు వాన్‌గో వేసిన స్టారీ నైట్ బొమ్మ, ఎర్ర అక్షరాల్లో ‘ఈ రోజుకి 3 టికెట్లే మిగిలాయి’ అనే హడావుడి, ‘స్కిప్ ద లైన్’ అనే ఊరింపు. లైను దాటించడం అనేదాన్ని నమ్మకండి. టైము స్లాటుతో వచ్చే మామూలు టికెట్‌కీ కౌంటరు లైనులో నిలబడక్కర్లేదు. తలుపు దగ్గర సెక్యూరిటీ తనిఖీ ఎలాగూ అందరికీ ఉంటుంది, దాన్ని ఎవరూ దాటించలేరు.

అసలు సైటు చిరునామా మోమా డాట్ ఆర్గ్ (moma.org). పైనున్న అడ్రసు పట్టీని నొక్కి, ముందు ‘https://’ ఉంటే దాన్ని వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కి ముందున్న, చుక్కతో విడదీసిన ఆఖరి రెండు ముక్కలు చదవండి. అవి ‘మోమా’, ‘ఆర్గ్’ అయితేనే సరైనది. మోమా పక్కన చిన్న అడ్డగీత పెట్టి ‘టికెట్స్’ అనో ‘న్యూయార్క్’ అనో తగిలించి చివర డాట్ కామ్ ఉంటే అది వేరేవాళ్లది. ఇంకో గుర్తు కూడా ఉంది. సొంత సైటులో తేదీతో పాటు గంట కూడా ఎంచుకోమంటుంది. తేదీ మాత్రమే అడిగి డబ్బు కట్టించుకునే చోట మీకు వచ్చేది టికెట్ కాకపోవచ్చు, ‘వోచర్’, అంటే టికెట్‌కి బదులు ఇచ్చే చీటీ కావచ్చు.  అది తలుపు దగ్గర పనిచేయకపోతే అమ్మినవాళ్లనే అడగాలి.

వాట్సాప్ గ్రూపుల్లో ‘రెండు టికెట్లు మిగిలాయి, సగం ధరకి ఇస్తాం’ అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్ల జోలికి పోకండి. కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. అదే బొమ్మని నలుగురికి అమ్మితే ముందు వెళ్లినవాళ్లు లోపలికి పోతారు, మిగతా ముగ్గురు బయటే ఉంటారు.

శుక్రవారం సంగతి ఇంకా ముఖ్యం, న్యూజెర్సీ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘శుక్రవారం సాయంత్రం మోమా ఫ్రీ’ అని ఒకరు చెబితే పదిమంది ఫార్వర్డ్ చేస్తారు. ఒకప్పుడు నిజంగానే అందరికీ ఉచితం. ఇప్పుడు 5:30 నుంచి 8:30 దాకా న్యూయార్క్ రాష్ట్రంలో నివాసం ఉండేవాళ్లకే, అదీ అడ్రసు రుజువుతో. ఎడిసన్, జెర్సీ సిటీ అడ్రసున్న లైసెన్సు చెల్లదు. ఆఫీసు మాన్‌హాటన్‌లో ఉందన్నా చెల్లదు. రైలు చార్జీలు పెట్టుకుని పెద్దవాళ్లని తీసుకొచ్చి, తలుపు దగ్గర నిలబడి మళ్లీ పూర్తి ధర కట్టాల్సి వస్తుంది. పైగా అది వారంలో బాగా రద్దీగా ఉండే సమయం. డబ్బు కట్టి వెళ్లేవాళ్లు మామూలు రోజున 10:30కి తలుపు తీయగానే వెళ్లడం మేలు.

మోమాని మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్)తో కలిపేసుకునేవాళ్లూ ఉన్నారు. ‘మీకు తోచినంత ఇవ్వండి’ అనే పద్ధతి ఉన్నది మెట్‌లో. అది న్యూయార్క్ రాష్ట్రవాసులకీ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్ విద్యార్థులకీ వర్తిస్తుంది. మోమాలో ఆ పద్ధతి లేదు. అందరికీ ఉచితంగా ఉండే శుక్రవారం సాయంత్రం కావాలంటే విట్నీ మ్యూజియానికి వెళ్లండి, 5 నుంచి 10 దాకా, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని.

వాన్‌గో కోసమే వెళ్తుంటే ఇంకో రెండు జాగ్రత్తలు. ‘వాన్‌గో న్యూయార్క్ టికెట్స్’ అని వెతికితే గోడల మీద ప్రొజెక్టర్లతో బొమ్మలు తిప్పే ప్రదర్శనలు వస్తాయి. 2021లో దాదాపు ఒకే పేరుతో రెండు ఒకేసారి నగరంలో నడిచాయి. వాటిలో అసలు చిత్రం ఒక్కటీ ఉండదు. 1889లో ఆయన చేత్తో వేసిన స్టారీ నైట్ కాన్వాస్ మోమాలో ఉంది, వెడల్పు మూడడుగుల చిల్లర, ఎత్తు రెండున్నర అడుగులకి కొంచెం తక్కువ. దగ్గరికి వెళ్లి పక్కనుంచి చూస్తే చంద్రుడి చుట్టూ రంగు గట్లు కట్టి నిలబడి ఉంటుంది. ప్రొజెక్టర్ వెలుగులో అది కనిపించదు.

రెండోది, చిత్రాలు ఊళ్లు తిరుగుతుంటాయి. 2023 వేసవిలో ఇదే స్టారీ నైట్ మెట్‌లో జరిగిన వాన్‌గో ప్రదర్శనకి వెళ్లింది. ఆ నెలల్లో మోమాకి వెళ్లినవాళ్లకి అది లేదు. అందుకని టికెట్ కొనేముందు మోమా సైటులో చిత్రం పేరు వెతకండి. ప్రదర్శనలో ఉంటే ‘ఆన్ వ్యూ’ అని, ఏ అంతస్తో, ఏ గదో రాసి ఉంటుంది. ఆ మాట లేకపోతే అది గోడ మీద లేనట్టే.

లోపల అయిదో అంతస్తు నుంచి కిందికి దిగుతూ రండి. 1880ల నుంచి 1940ల దాకా అయిదులో, ఆ తర్వాతివి నాలుగులో, 1970ల నుంచి నేటిదాకా రెండులో ఉంటాయి. పెద్దవాళ్లకి ఓపికుండగానే వాన్‌గో, పికాసో, మోనే అయిపోతాయి. సూట్‌కేసులతో రానివ్వరు, కాబట్టి ఎయిర్‌పోర్టుకి వెళ్తూ దారిలో చూద్దామనుకోకండి. ఫొటోలు తీసుకోవచ్చు కానీ ఫ్లాష్, సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ కుదరవు. పెన్ స్టేషన్‌లో దిగినవాళ్లు ‘ఈ’ రైలెక్కి ఫిఫ్త్ అవెన్యూ 53వ వీధి స్టేషన్లో దిగితే నాలుగడుగుల్లో మ్యూజియం.

ఇప్పటికే వేరే సైటులో కట్టేసి, టికెట్ రాకపోతే ఆలస్యం చేయకండి. అమ్మినప్పటి పేజీ, ధర, ఈమెయిల్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. రద్దు చేసి డబ్బు తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. జవాబు లేకపోతే క్రెడిట్ కార్డు బ్యాంకుకి ‘డబ్బు తీసుకుని సేవ ఇవ్వలేదు’ అని ఫిర్యాదు పెట్టండి. ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతలో చేరితేనే చట్టం ఇచ్చే రక్షణ ఉంటుంది. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైటులోనూ ఫిర్యాదు నమోదు చేయండి. అయితే టికెట్ సరిగానే పనిచేసి, ధర మాత్రం ఎక్కువ పడితే బ్యాంకు సాధారణంగా వెనక్కి ఇవ్వదు, ఎందుకంటే ఆ ధర చూసే మీరు నొక్కారు. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ)లో పంపిన డబ్బు తిరిగి రావడం బాగా కష్టం, అందుకని ముక్కూమొహం తెలియనివాళ్లు టికెట్‌కి జెల్‌లో పంపమని అడిగితే అక్కడే ఆపేయండి.