గుంతలు తీసే మెషీన్ అద్దెకు తెచ్చి పండ్ల మొక్కలు నాటాం: మా అనుభవం

ఇంటి రిపేరు పని మొదలుపెట్టి ఎనిమిది నెలలు దాటింది. మేస్త్రీ రెండు రోజులు వస్తే పది రోజులు కనిపించడు, టైల్స్ ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, వంటగదికి తలుపు లేదు. ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందో మన చేతిలో లేదు, కనీసం మొక్కలైనా ఇప్పుడే పెడితే ఈలోపు అవి నిలదొక్కుకుంటాయని వానలు మొదలవగానే ఐదు అంటు మొక్కలు తెచ్చాను. రెండు మామిడి, ఒక జామ, ఒక సపోటా, ఒక నిమ్మ. ఆదివారం పొద్దున్నే నలుగురు స్నేహితులు సాయానికి వచ్చారు. గుంతల కోసం పెట్రోల్‌తో నడిచే ఆగర్ మెషీన్ ఒక రోజుకి అద్దెకు తీసుకున్నాం. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

పెరటి చివర, లారీలు తిరగని చోట మెషీన్ చాలా బాగా పనిచేసింది. 12 అంగుళాల వెడల్పున్న బిట్టు (మట్టిని తొలిచే మర లాంటి భాగం) పెట్టాం, రెండు అడుగుల లోతు ఐదు నిమిషాల్లోపే దిగింది. కాకపోతే ఒకేసారి లోపలికి నొక్కకూడదు. అర అడుగు దింపి, పైకి లేపి మట్టి వదిలించి, మళ్లీ దింపాలి. లేకపోతే బిట్టు మట్టిలో బిగుసుకుపోతుంది. ఇద్దరు పట్టుకునే మోడల్ దొరికితే అదే తీసుకోండి, ఒక్కరే పట్టుకునేది అయితే రెండో గుంతకే చేతులు వణుకుతాయి.

ఇంటికి దగ్గరగా వచ్చేసరికి కథ మారింది. ఇసుక, కంకర దించిన చోట నేల రాయిలా గట్టిపడింది, పైగా అడుగు లోతులో ఇటుక ముక్కలు, పాత ప్లాస్టరింగ్ పెచ్చులు. జామ మొక్కకి గుంత తీస్తుంటే బిట్టు సగం ఇటుకకి తగిలి హ్యాండిల్ ఒక్కసారిగా పక్కకి తిరిగింది. పట్టుకున్నవాడు వెంటనే థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే మీట) వదిలేశాడు కాబట్టి సరిపోయింది, అయినా వాడి మణికట్టు రెండు రోజులు వాచింది. ఆ రోజంతా నాకు అదే టెన్షన్. మా మెషీన్‌కి రివర్స్ లేదు, ఇంజన్ ఆపేసి ఇద్దరం కలిసి హ్యాండిల్‌ని చేత్తో వెనక్కి తిప్పితే బిట్టు బయటికి వచ్చింది. ఇంకోటి, కొత్త బాత్రూమ్ డ్రైనేజీ పైపు ఎటు పోతుందో నేను పూర్తిగా మర్చిపోయాను. పైపు వేసిన రోజు అక్కడే ఉన్న ఫ్రెండ్ ఒకడు గుర్తుపెట్టుకుని, ఆ దారి పొడవునా ఇటుకలు పేర్చాడు. వాడు లేకపోతే నిమ్మ గుంత సరిగ్గా పైపు మీదే పడేది.

అసలు చెప్పాల్సింది ఇది. ఈ మెషీన్ తీసేది గుంత మాత్రమే, మొక్క పెట్టడానికి అది చాలదు. తడి బంకమట్టిలో బిట్టు తిరిగినప్పుడు గోడలు నున్నగా, కుండ లోపలి భాగంలా తయారవుతాయి. అనుమానం వచ్చి ఒక బకెట్ నీళ్లు పోస్తే అరగంటైనా ఇంకలేదు. అలాగే నాటితే వేర్లు ఆ గోడ దాటలేక లోపలే చుట్టుకుంటాయి. అందుకే గడ్డపారతో గోడలన్నీ పొడిచి, మామిడి గుంతల్ని మూడు అడుగుల వెడల్పు చేశాం. మధ్యలో ముందే ఖాళీ ఉంది కాబట్టి పక్కల మట్టి తేలిగ్గానే విరిగి పడింది. మొత్తం మీద శ్రమ సగం తగ్గింది, సగం మిగిలింది. మెషీన్ తెస్తే గడ్డపార అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

సిమెంటు, సున్నం కలిసిన మట్టిని ఏరి బయట పారేశాం. అది ఉంటే మట్టిలో క్షారం పెరిగి మొక్కకి ఇనుము అందదు, ఈనెలు పచ్చగానే ఉండి ఆకులు పసుపు తిరుగుతాయి, నిమ్మకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పెరటి మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. జీవితంలో ఒక్క మొక్కా నాటని ఫ్రెండ్ నిమ్మ వేరు గడ్డని రెండు చేతులతో పట్టుకుని, కవరు పూర్తిగా కోసేదాకా కదలకుండా కూర్చున్నాడు. ప్రతి మొక్కకీ అంటు కట్టిన చోటు నేలకి నాలుగు అంగుళాల పైన ఉందో లేదో ఇంకొకడు తనే చూసుకున్నాడు. నేను కర్రలు పాతి పాదులు చేస్తుంటే చీకటి పడిపోయింది.

అద్దెకిచ్చినవాళ్ల విషయంలో మాత్రం అసంతృప్తి ఉంది. బిట్టు పళ్లు అరిగిపోయి ఉన్నాయి, గ్లవ్స్ ఇవ్వలేదు, పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో వాళ్లు నోటితో చెప్పిన లెక్క ట్యాంకు మీద స్టిక్కర్‌తో కలవలేదు. మేం స్టిక్కర్‌నే నమ్మాం. తీసుకునేటప్పుడే ఈ మూడూ చూసుకోండి.

శుభ్రమైన నేలకి ఐదుకి నాలుగు ఇస్తాను, రిపేరు పని నడుస్తున్న ఇంటి చుట్టూ అయితే రెండు. కంచె స్తంభాల పని ఇంకా మిగిలే ఉంది, దానికి చిన్న బిట్టుతో మళ్లీ ఇదే తెస్తాను. మణికట్టు వాచినవాడు ఈసారి కూడా వస్తానంటున్నాడు, వాడికి మంచి గ్లవ్స్ ముందే కొని పెట్టాను.